గ్యారేజీకి చోటు చూపించే ఏజెన్సీ: లీజు రాయించడంలో మంచి మార్కులు, వెతకడంలో పాస్ మార్కులే

మా గ్యారేజీకి కొత్త చోటు కావాల్సి వచ్చి, షాపులూ గోడౌన్లూ లీజుకి ఇప్పించే ఒక ఏజెన్సీ సర్వీసు తీసుకున్నాం. నేనూ మా బావమరిదీ కలిసి నడిపే కార్ల రిపేరు షాపు మాది. ఇంజిన్ పని, బ్రేకులు, సస్పెన్షన్, ఏసీ, కొంచెం ఎలక్ట్రికల్ చేస్తాం, పెయింటింగ్ జోలికి పోం. రేటింగ్ ముందే చెప్పేస్తాను, ఐదుకి మూడున్నర. అందులో ఎక్కువ భాగం అగ్రిమెంటు దగ్గర వాళ్ళు చేసిన పనికే. చోటు వెతికిన తీరుకి విడిగా మార్కులు వేయమంటే రెండు దాటవు. పేరు రాయట్లేదు, ఎందుకంటే ఈ లోపాలు వాళ్ళొక్కళ్ళవే కావు, షాపులు చూపించేవాళ్ళు చాలామంది ఇదే పద్ధతిలో చూపిస్తారు. వాళ్ళ లెక్కంతా చదరపు అడుగులు, ముందున్న రోడ్డు, అద్దె. మెకానిక్‌కి కావాల్సింది పైకప్పు ఎత్తు, కింద కాంక్రీటు, సరిపడా కరెంటు, ఆయిలూ చప్పుడూ ఉండే పని చేసుకోడానికి కాగితం మీద అనుమతి. ఇవేవీ వాళ్ళ ఫారంలో లేవు.

నిజంగానే లేవు. మొదటి రోజు ఇచ్చే ఫారంలో ఎంత విస్తీర్ణం, ఎంత బడ్జెట్, ఏ అంతస్తు, పార్కింగ్ ఉండాలా వద్దా, బాత్రూములు ఎన్ని, ఏసీ కావాలా అని అడుగుతారు. బట్టల షాపుకీ కోచింగ్ సెంటర్‌కీ గ్యారేజీకీ అదే ఫారం. మేం విడిగా ఒక కాగితం మీద మా లిస్టు రాసిచ్చాం. మా పని చూసే కుర్రాడు (మంచివాడే, మర్యాదస్తుడు, ఫోన్ చేస్తే ఎత్తుతాడు, ఆ మాట చెప్పాలి) దాన్ని జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకున్నాడు. పెట్టుకున్నాడంతే, చదివినట్టు లేడు. సాయంత్రానికి వాట్సాప్‌లో వచ్చిన ఫొటోల్లో సగం అద్దాల ముఖంతో, మార్బుల్ ఫ్లోరుతో, ఫాల్స్ సీలింగుతో ఉన్నాయి. ఒకటైతే మెట్లెక్కి వెళ్ళాల్సిన చోటు. "బండి ఎలా ఎక్కుతుంది తమ్ముడూ?" అని మా బావమరిది అడిగితే "ర్యాంపుకి ఓనర్ పర్మిషన్ ఇస్తారేమో అడుగుతా సార్" అన్నాడు. అడిగాడు కూడా, పాపం.

ముందు ఎత్తు సంగతి చెప్తాను, ఎందుకంటే ఎక్కువ చోట్లు మాకు దీని దగ్గరే పోయాయి. బండి కింద నడుం వంచకుండా నిలబడి పని చేయాలంటే దాన్ని ఆరడుగుల ఎత్తుకి లేపాలి. బండి ఎత్తు ఇంకో ఐదడుగులు, పెద్ద ఎస్‌యూవీ అయితే ఆరు. కలిపితే 12. బండిని రెండు స్తంభాల మధ్య లేపే మామూలు టూ పోస్ట్ లిఫ్టు స్తంభాలు కూడా దాదాపు అంతే ఉంటాయి, పైన రెండిటినీ కలుపుతూ అడ్డంగా ఒక బీమ్ వస్తుంది. అంటే 12 అడుగులు కనీసం, 13, 14 ఉంటే ప్రాణం హాయిగా ఉంటుంది. ఇంతవరకూ చెప్తే ఏజెంటుకి అర్థమైంది, 12 అడుగులవి మాత్రమే పంపిస్తానన్నాడు. కానీ లిస్టింగులో రాసే ఎత్తు ఎక్కడ కొలిచిందో ఎవరికీ తెలియదు. రేకుల షెడ్డయితే మధ్యలో శిఖరం దగ్గర కొలుస్తారు, స్లాబు అయితే రెండు దూలాల మధ్య. మాకు కావాల్సింది సరిగ్గా లిఫ్టు నిలబడే చోట, నేల నుంచి, పైన అన్నిటికంటే కిందికి వేలాడుతున్న వస్తువు దాకా ఉన్న కొలత. అది దూలం కావచ్చు, ఏసీ డక్టు కావచ్చు, మంటలార్పే స్ప్రింక్లర్ పైపు కావచ్చు, చివరికి ట్యూబులైటు పట్టీ కూడా కావచ్చు. పైకి జరిగి సీలింగు కింద పడుకునే రకం తలుపైతే దాని పట్టాలు కూడా లెక్కే, అది తెరిచి ఉన్నప్పుడు ముందు బేలో (బే అంటే ఒక బండిని పెట్టి పని చేసే చోటు) బండిని లేపడం కుదరదు. గుండ్రంగా చుట్టుకునే షట్టరుతో ఆ బాధ లేదు, ద్వారం పైన డ్రమ్ముకి చోటుంటే చాలు.

ఎత్తు తక్కువైతే బేస్ ప్లేట్ రకం లిఫ్టు పెట్టుకోవచ్చు కదా అని కొందరంటారు. దాని స్తంభాలు పొట్టివే, కేబుళ్ళు కింద నేలమీద నుంచి పోతాయి కాబట్టి పైన అడ్డం ఉండదు. లిఫ్టు పడుతుంది, నిజమే. కానీ బండి ఎత్తు తగ్గదు కదా. పదడుగుల సీలింగు కింద ఆ లిఫ్టు మీద ఎస్‌యూవీని లేపితే మీరు రోజంతా మెడ వంచుకుని గేర్ బాక్సు దించాలి. బ్రేకులూ టైర్లూ మాత్రమే చేసే షాపుకైతే కత్తెరలా మడిచే కాళ్ళతో కింద నుంచి లేపే సిజర్ లిఫ్టుతో సరిపెట్టుకోవచ్చు. మాది ఆ పని కాదు.

ఈ మాత్రం కొలవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు, లేజర్ మీటర్ ఉంటే క్షణంలో తెలుస్తుంది. ఏజెన్సీ వాళ్ళ దగ్గర లేజర్ మీటర్ ఉంది కూడా. దాంతో గది పొడవూ వెడల్పూ కొలుస్తారు, పైకి మాత్రం తిప్పరు! కొలిచి పంపమని మేం పట్టుబట్టాకే మొదలుపెట్టారు, ఆ తర్వాత వచ్చిన లిస్టు చిన్నదైపోయింది, పనికొచ్చేవి మాత్రం పెరిగాయి. ఇది మొదటి రోజే చేయగలిగిన పని. అర మార్కు ఇక్కడే పోయింది.

ఇక కాంక్రీటు. నాలుగున్నర టన్నులు లేపే టూ పోస్ట్ లిఫ్టుకి చాలా కంపెనీలు తమ మాన్యువల్లో అడిగేది కనీసం 4 అంగుళాల మందం, 3000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని చెప్పే కొలత) బలం ఉన్న కాంక్రీటు. కొన్ని మోడళ్ళకి 6 అంగుళాలు కావాలి. బండి బరువు చేతుల మీద పడి స్తంభాన్ని లోపలికి వంచాలని చూస్తుంది, ఆ లాగుడునంతా ఆపేది నేలలోకి దిగిన యాంకర్ బోల్టులే. అందుకే పైన టైల్సు ఎంత మెరుస్తున్నా లాభం లేదు, టైల్సు కింద ఇసుకే ఉందో, నాలుగంగుళాల గట్టి కాంక్రీటు ఉందో చూడాలి. పగుళ్ళకీ, స్లాబు అంచుకీ, జాయింటు గీతలకీ దగ్గరగా బోల్టు దించకూడదు, ఎంత దూరం ఉండాలో మాన్యువల్లో రాసే ఉంటుంది. మందం తెలుసుకోడానికి ఓనర్ అనుమతితో చిన్న డ్రిల్లు వేసి కొలవడం నమ్మకమైన దారి. బలం సంగతి తేలాలంటే ఇంజినీరు చేత కోర్ (కాంక్రీటులోంచి కోసిన గుండ్రటి ముక్క) తీయించి పరీక్ష చేయించాలి.

ఇక్కడ రెండు రకాల చోట్లని చూడగానే వదిలేయాలి. ఒకటి, కింద సెల్లార్ ఉన్న గ్రౌండ్ ఫ్లోర్. బయటి నుంచి చూస్తే నేల మీద ఉన్న షాపే అనిపిస్తుంది, నిజానికి మీరు నిలబడింది ఇంకో గది కప్పు మీద. రోడ్డు మీదికి అద్దాల ముఖం ఉన్న ఒక పెద్ద హాలు మాకు బాగా నచ్చింది. వెనక్కి వెళ్ళి చూస్తే కిందికి మెట్లున్నాయి, స్టోర్ రూమట. ఏజెంటుకి తెలియక కాదు, అది అవసరమైన విషయమని అనిపించలేదు. రెండోది పోస్ట్ టెన్షన్ స్లాబు. అందులో ఉక్కు తీగల్ని బాగా లాగి బిగించి ఉంచుతారు, డ్రిల్లు పోయి అలాంటి తీగకి తగిలితే అది తెగి ఎగిరి మనిషిని కొట్టగలదు, స్లాబూ బలం కోల్పోతుంది. పైకి చూసి ఇది పోస్ట్ టెన్షనా కాదా అని తేల్చలేం, బిల్డింగు డ్రాయింగులు చూడాల్సిందే. ఈ డ్రాయింగుల విషయంలో మాత్రం ఏజెన్సీ బాగా పనిచేసింది. ఓనర్లు మామూలుగా అద్దెకొచ్చే వాళ్ళకి డ్రాయింగు చూపించరు, మీకెందుకు అంటారు. వీళ్ళు అడిగితే ఇచ్చారు. మేం విడిగా వెళ్ళి ఉంటే ఆ కాగితం మా చేతికి వచ్చేది కాదు.

మేం తీసుకున్న చోట లిఫ్టు పెట్టాల్సిన దగ్గర కాంక్రీటు పల్చగా ఉంది. అలాంటప్పుడు ఆ ముక్క కోసేసి కొత్తగా ఫుటింగు, అంటే మందమైన కాంక్రీటు దిమ్మ, పోయించుకోవచ్చు, ఓనర్ ఒప్పుకుంటే. అయితే కొత్త కాంక్రీటు లెక్క ప్రకారం పూర్తి బలానికి రావడానికి 28 రోజులు పడుతుంది, అప్పటిదాకా లిఫ్టు బిగించలేం. బండి ఎక్కని ఆ 28 రోజులకి అద్దె ఎవరు కట్టాలి? ఈ ప్రశ్న లీజు మాట్లాడేటప్పుడు చాలా అక్కరకొచ్చింది, అది తర్వాత చెప్తాను.

కరెంటు గురించి ప్రతి లిస్టింగులోనూ ఒకటే మాట, "పవర్ అవైలబుల్". ఎంత పవర్, సింగిల్ ఫేజా త్రీ ఫేజా అని అడిగితే "అన్నీ ఉన్నాయి సార్" అంటారు. 7.5 హెచ్‌పీ కంప్రెసర్ అంటే, ఒక హెచ్‌పీకి 746 వాట్ల లెక్కన, సుమారు 5.6 కిలోవాట్లు. అది నడుస్తున్నప్పటి సంగతి. నేరుగా స్టార్ట్ చేసినప్పుడు మోటారు మామూలుకంటే ఆరు నుంచి ఎనిమిది రెట్ల కరెంటు లాగుతుంది, ఆ క్షణంలోనే ఎవరో లిఫ్టు నొక్కితే, ఇంకెవరో వెల్డింగ్ పెడితే, మెయిన్ ట్రిప్పవుతుంది. లిఫ్టు మోటార్లు రెండు మూడు హెచ్‌పీలే, సింగిల్ ఫేజు మీద నడిచేవి కూడా దొరుకుతాయి, కానీ అన్నీ కలిసి ఒకే లైను మీద కూర్చుంటే పని సాగదు. అందుకని మేం చూసింది గోడ మీద సాకెట్లు కాదు, పాత కరెంటు బిల్లు. అందులో ఎంత లోడుకి అనుమతి ఉందో రాసి ఉంటుంది. లోడు పెంచుకోవచ్చు, కానీ దానికి ఖర్చూ టైమూ రెండూ పడతాయి, ఒక్కోసారి ఆ వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లోనే చోటుండదు. రేపు ఎలక్ట్రిక్ కార్ల పని కూడా చేయాలనుకుంటే ఛార్జరుకి విడిగా లోడు ఆలోచించుకోవాలి, బ్యాటరీ బరువు వల్ల ఆ బళ్ళు అదే సైజు పెట్రోలు బళ్ళకంటే బరువెక్కువ కాబట్టి లిఫ్టు కెపాసిటీ కూడా. ఏజెన్సీ ఇందులో చేసింది ఏమీ లేదు, చెడగొట్టిందీ లేదు, బిల్లు కాపీ తెప్పించి ఇచ్చింది.

ఇదివరకు గ్యారేజీగా నడిచిన చోటు ఒకటి దొరికిందని ఏజెంటు ఎంత సంబరంగా ఫోన్ చేశాడో చెప్పలేను. "రెడీమేడ్ సార్, తాళం తీసుకుని బండి ఎక్కించడమే." పోయి చూస్తే నిజంగానే ఎత్తు సరిపోయింది, త్రీ ఫేజ్ ఉంది, కంప్రెసర్ గాలి పైపులు కూడా గోడకి ఉన్నాయి. మా బావమరిది అప్పుడే ఏ బేలో ఎవరు పని చేయాలో పంచేస్తున్నాడు. నాకు నచ్చనిది నేల. వెనక మూలన కాంక్రీటు నల్లగా, మెత్తగా, ఏళ్ళ తరబడి డ్రమ్ములోంచి కారిన ఆయిల్ తాగినట్టు ఉంది, మధ్యలో పాత రోజుల భూమిలోపలి హైడ్రాలిక్ లిఫ్టుని పూడ్చేసిన గుర్తు ఉంది. ఆ రకం లిఫ్టు సిలిండరూ ఆయిలూ నేల కిందే ఉంటాయి, కారినా ఏళ్ళ తరబడి పైకి తెలియదు. కింద మట్టి ఎలా ఉందో ఎవరికి తెలుసు?

వాడిన ఇంజిన్ ఆయిల్ మామూలు మురికి కాదు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెప్పే లెక్క ప్రకారం, ఒక్క ఆయిల్ ఛేంజ్‌లో వచ్చే పాత ఆయిల్ 10 లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడు చేయగలదు. అలాంటిది మట్టిలోకి ఇంకిందని రేపు లీజు అయిపోయేటప్పుడు బయటపడితే, శుభ్రం చేయించే ఖర్చు అప్పుడు లోపల ఉన్నవాడి మీదికి వస్తుంది, మనకంటే ముందు పదేళ్ళు కార్చినవాడు ఎక్కడున్నాడో ఎవరూ వెతకరు. దీనికి మందు ఒకటే, సంతకానికి ముందు మట్టి పరీక్ష చేయించి ఆ రిపోర్టుని అగ్రిమెంటుకి జతచేయడం, అప్పటికే ఉన్నది మన లెక్కలోకి రాదని రాయించుకోవడం. ఖర్చు మేమే పెట్టుకుంటామన్నాం. ఓనర్ ససేమిరా అన్నాడు. అనగానే మేం లేచి వచ్చేశాం. ఏజెంటు మాత్రం రెండు రోజులు వెంటపడ్డాడు, ఇంకో పార్టీ అడ్వాన్సు పట్టుకుని తిరుగుతోందని, ఇంత రెడీమేడ్ చోటు మళ్ళీ దొరకదని. ఓనరెందుకు వద్దంటున్నాడో ఒక్కసారైనా అడగాల్సినవాడు మమ్మల్ని తొందరపెట్టాడు. ఈ సర్వీసులో నాకు గట్టిగా కోపం వచ్చింది ఇక్కడే.

డ్రెయిన్ల గురించి ఒక్క మాట చెప్పి ముందుకి పోతాను. షెడ్డులో నేల మధ్య జాలీ ఉంటే అందరూ సంతోషిస్తారు, కడిగితే నీళ్ళు పోతాయని. ఎక్కడికి పోతాయి? వాన నీటి కాలవలోకి పోయే జాలీ అయితే దాన్ని మూసేయడమే మేలు. ఆయిల్ ఉన్న నీరు ముందు సెపరేటర్‌లోకి పోవాలి, అక్కడ ఆయిల్ తేలిక కాబట్టి పైకి తేలుతుంది, కింది నీరు బయటికి పోతుంది. అయితే సబ్బు నురగతో ఇంజిన్ కడిగిన నీళ్ళు అందులోకి వదిలితే ఆయిల్ సన్నటి బిందువులుగా విడిపోయి నీళ్ళలోనే కలిసిపోతుంది, సెపరేటర్ ఉన్నా లేనట్టే. మేం వాటర్ వాష్ పెట్టదల్చుకోలేదు కాబట్టి ఈ ఖర్చు తప్పింది. పెట్టేవాళ్ళు ముందు దీన్నే చూసుకోండి, ఇది తేలాకే అద్దె అడగండి. బండి కింద పని చేయడానికి లిఫ్టు బదులు గుంత తవ్వుకుందాం అనుకునే వాళ్ళకి కూడా ఒక మాట, పెట్రోలు ఆవిరి, ఎల్‌పీజీ గాలికంటే బరువు, గుంతలో చేరి కూర్చుంటాయి. సీఎన్‌జీ తేలిక, కప్పు దగ్గరికి చేరుతుంది. గాలి బయటికి పోయే ఏర్పాటు కిందా పైనా రెండు చోట్లా కావాలి.

తలుపు పదడుగుల వెడల్పుకి తగ్గితే వద్దు. ఒక్కో బేకి 12 అడుగుల వెడల్పూ 24 అడుగుల పొడవూ వేసుకోండి. బయట బళ్ళు నిలిపే చోటు మీరనుకున్న దానికి రెట్టింపు కావాలి, స్పేర్ పార్టు రాక ఆగిపోయిన బండి లోపల బేలో ఉంటే ఆ బే సంపాదన ఆగిపోయినట్టే, రోడ్డు మీద పెడితే పక్క షాపుల వాళ్ళతో గొడవ. ఏజెన్సీ "పార్కింగ్ ఉంది" అని రాసిన ఒకచోట ఆ పార్కింగ్ నాలుగు షాపులకి కలిపి, అందులో ఒకటి ఫంక్షన్ హాలు. ఇంతకంటే చెప్పేదేం లేదు.

అనుమతుల దగ్గర ఏజెన్సీ పర్వాలేదు. "కమర్షియల్" అని ఉన్నంత మాత్రాన బళ్ళ రిపేరు చేసుకోవచ్చని కాదు, చాలా చోట్ల వాహన మరమ్మతుని విడి రకంగా చూస్తారు, పెయింటింగ్ ఉంటే ఇంకో రకం, ఫైర్ వాళ్ళ కాగితం వేరే. వీళ్ళ ఆఫీసులో ఇది తెలిసిన ఒక పెద్దావిడ ఉన్నారు, ఆవిడ అనుమతులిచ్చే ఆఫీసుకి ఫోన్ చేసి, ఫలానా సర్వే నంబరులో ఈ పనికి వీలుందా అని లిఖితంగా కూడా అడిగించారు. పైన ఇళ్ళున్న ఒక చోటుని ఆవిడే వద్దన్నారు. నట్లు విప్పే ఇంపాక్ట్ రెంచి చప్పుడు వంద డెసిబెల్స్ దరిదాపుల్లో ఉంటుంది, పైన పసిపిల్లలు నిద్రపోతుంటే కాగితం ఉన్నా కూడా మీరు ప్రశాంతంగా పని చేయలేరని ముఖం మీదే చెప్పారు. ఆ చోటు మాకు అంటగడితే వాళ్ళకి కమీషన్ వచ్చేది, అయినా చెప్పారు. అర మార్కు పోయిందన్నాను కదా, అది ఆవిడ వల్ల తిరిగొచ్చింది.

ఇప్పుడు లీజు. ఈ సర్వీసుకి ఫీజు కట్టడం దండగ కాదని నేననేది ఈ ఒక్క ఘట్టం చూసే. ఓనర్ పంపిన మొదటి డ్రాఫ్టు చిన్నదే, కానీ అందులో మమ్మల్ని ముంచేవి చాలా ఉన్నాయి. "నేలకి, గోడలకి బిగించినవన్నీ యజమానికి చెందును" అని ఒక లైను ఉంది. కిరాణా షాపు అరలకి ఆ లైను పర్వాలేదు. మాకు నేలకి బిగించిందంటే లిఫ్టు! దాన్ని మార్పించి లిఫ్టులు, కంప్రెసర్, గాలి పైపులు అన్నీ పేరుపేరునా రాసి మావేనని ఒక జాబితా జతచేయించారు. ఖాళీ చేసేటప్పుడు చోటుని "మొదట ఉన్న స్థితికి" తేవాలన్న దాన్ని కూడా విడమర్చి రాయించారు, అంటే బోల్టులు నేల మట్టానికి కోసి, కన్నాలు గట్టిగా పూడిస్తే చాలు, స్లాబంతా తవ్వి మళ్ళీ పోయనక్కర్లేదు. ఇలాంటివి రాయకపోతే చివర్లో అడ్వాన్సు తిరిగివ్వకుండా ఉండడానికి ఇవే సాకులవుతాయి.

అన్నిటికంటే ముఖ్యమైంది, అనుమతి రాకపోతే అడ్వాన్సు మొత్తం వెనక్కిచ్చి లీజు రద్దయ్యేట్టు రాసిన షరతు. మామూలుగా సంతకం చేశాక లైసెన్సు రాలేదంటే అది అద్దెకున్నవాడి ఖర్మ. ఇది రాయించుకోకుండా గ్యారేజీకి ఎవరూ సంతకం పెట్టకూడదు. ఓనర్ పెద్దాయన మొదట ఎగిరిపడ్డారు, "ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు" అన్నారు. ఏజెన్సీ వాళ్ళు ఓపిగ్గా కూర్చుని, గడువు పెట్టి, ఆ గడువులోగా మేం అప్లికేషన్ వేయాలని మా మీద కూడా ఒక బాధ్యత పెట్టి ఒప్పించారు. కాంక్రీటు ఎండే కాలానికి అద్దె లేకుండా రాయించిందీ వాళ్ళే. 28 రోజుల లెక్క మేం చెప్పాం, దాన్ని పట్టుకుని కరెంటు లోడు పెంచే టైము కూడా అందులోకి తోసి, ఫిట్టింగు అయ్యేవరకూ అద్దె మొదలవకుండా చేశారు. మేం సొంతంగా మాట్లాడి ఉంటే రెండు వారాలు అడిగి, ఒక వారానికి ఒప్పుకుని వచ్చేవాళ్ళం.

లీజు కాలం దగ్గర మాకూ వాళ్ళకీ కొంచెం వాదన జరిగింది. వాళ్ళు మూడేళ్ళు చాలన్నారు, తర్వాత చూసుకోవచ్చని. గ్యారేజీకి అది కుదరదు. లిఫ్టు దింపి, మోసుకెళ్ళి, ఇంకోచోట కాంక్రీటు పోయించి మళ్ళీ బిగించడమంటే మామూలు ఖర్చు కాదు, పైగా రిపేరు షాపుకి వచ్చే కస్టమర్లు చోటుని గుర్తుపెట్టుకుని వస్తారు. మూడేళ్ళు అవ్వగానే అద్దె ఇష్టమొచ్చినట్టు పెంచినా కిమ్మనకుండా కట్టాల్సిందే. అందుకే మేం అడిగింది ఎక్కువ కాలం, పెంపు ఎంత శాతమో ముందే రాసుకోవడం, పొడిగించుకునే హక్కు మా చేతిలో ఉండటం, అవసరమైతే ముందుగా నోటీసిచ్చి మేం బయటపడే వీలు. చివరిదానికి ఓనర్ సగమే ఒప్పుకున్నారు, మొదటి కొన్నేళ్ళు కదలకూడదట. సరే అన్నాం, ఆయన వైపు నుంచి చూస్తే అది న్యాయమే. రెండు సంగతులు మాత్రం మేమే గుర్తుచేయాల్సి వచ్చింది, ఒకటి ఆ స్థలం మీద బ్యాంకు లోను ఉందా, రేపు బ్యాంకు జప్తు చేసినా కొత్త ఓనర్ వచ్చినా మా లీజు నిలబడుతుందా అన్నది, ఇంకోటి కప్పు కారితే ఎవరు బాగుచేయించాలి అన్నది. రేకులూ పునాదీ స్తంభాలూ ఓనర్‌వి, లోపలి వైరింగూ షట్టరూ మావి అని తేల్చాం. రేకుల కింద స్కానర్లూ కంప్యూటర్లూ పెట్టుకునే వాళ్ళం, ఈ మాట నోటితో అనుకుంటే చాలదు.

ఫీజు విషయం. వాళ్ళ ఫీజు అద్దె మీద లెక్కగడతారు, అంటే అద్దె ఎక్కువైతే వాళ్ళకి లాభం. మన తరఫున అద్దె తగ్గించమని మాట్లాడాల్సిన మనిషికి ఇలా జీతం ఇవ్వడం ఏం పద్ధతో నాకు ఎప్పటికీ అర్థం కాదు, కానీ ఈ వ్యాపారంలో అదే నడుస్తోంది. దానికి తోడు ఓనర్ దగ్గర కూడా తీసుకుంటారా అని మొదటే అడిగాం, తీసుకుంటామని దాచకుండా చెప్పారు. చెప్పినందుకు సంతోషం, అయినా ఆ రోజు నుంచి వాళ్ళు చెప్పిన ప్రతి మాటనీ ఇది ఎవరి తరఫున అని ఒకసారి ఆలోచించుకునేవాళ్ళం. ఫైనల్ చేసే ముందు అగ్రిమెంటుని విడిగా మా లాయరుకి చూపించాం. దానికి ఏజెన్సీ మొహం మాడ్చుకోలేదు, అది మంచి గుర్తే.

సంతకాలయ్యాక సర్వీసు మాత్రం గాలికి పోయింది. అప్పటిదాకా రెండు రింగుల్లో ఫోన్ ఎత్తిన కుర్రాడు తర్వాత "కాల్ యూ లేటర్" మెసేజీల్లోకి మారిపోయాడు. కరెంటు మీటరు పేరు మార్పిడి, పాత అద్దెదారు వదిలేసిన చెత్త సామాను తీయించడం, వెనక గేటు తాళం, ఇవన్నీ మేం చూసుకుంటామని మొదట్లో గట్టిగా చెప్పినవే. తాళం కోసం మేమే ఓనర్ ఇంటికి పోవాల్సి వచ్చింది, మీటరు పని మా బావమరిది తిరిగి చేయించాడు. ఓనర్ పెద్దాయన మంచి మనిషి కావడం మా అదృష్టం.

ఎవరికి చెప్తానంటే, లిఫ్టులు పెట్టి నాలుగు బేలు నడపాలనుకునేవాళ్ళు, కొంత పెద్ద అడ్వాన్సు కట్టబోతున్నవాళ్ళు ఇలాంటి ఏజెన్సీని తీసుకోండి, అగ్రిమెంటు కోసం. రెండు చక్రాల బళ్ళ మెకానిక్‌కి, లేదా ఒక షట్టరులో పంక్చర్లూ సర్వీసింగూ చేసేవాళ్ళకి అనవసరం, ఆ ఫీజుతో మంచి టూల్స్ కొనుక్కోవచ్చు. వెతికేది మాత్రం మీరే వెతకండి. లిఫ్టు, కంప్రెసర్ అమ్మే డీలర్లనీ, వాడిన ఆయిల్ డ్రమ్ములు పట్టుకెళ్ళే వాళ్ళనీ, స్పేర్ పార్టుల డెలివరీ కుర్రాళ్ళనీ అడగండి, ఏ షెడ్డు ఖాళీ అవబోతోందో, అందులో ఎత్తు ఎంతో, ఎందుకు ఖాళీ చేస్తున్నారో కూడా వాళ్ళకి తెలుసు. మేం చివరికి తీసుకున్న చోటు గురించి మొదట చెప్పింది మా పార్టుల కుర్రాడే, ఏజెన్సీ దాన్ని తర్వాత లిస్టులో పెట్టుకుంది. అందుకే ఫీజులో వెతికినందుకు వేసిన భాగం తగ్గించమని అడిగాం, కొంత తగ్గించారు. మీరు తీసుకుంటే ఫీజుని రెండు ముక్కలు చేసి, ఒకటి సంతకం రోజు, రెండోది కరెంటు లోడు వచ్చి తాళాలన్నీ చేతికొచ్చాక అని ముందే రాయించుకోండి. మా పక్క షెడ్డులో లేత్ పెట్టుకున్న ఆయన అదే ఏజెన్సీతో అలా రాయించుకున్నాడు, ఆయన ఫోన్ ఇప్పటికీ రెండు రింగుల్లోనే ఎత్తుతున్నారు.